వ్రేలికొనల వెలుగు

ఇంద్రియాలన్నింటిలోనూ కన్నే ప్రధానమని పెద్దలు చెబుతారు. చదువు విషయంలో ఈ మాట మరింత నిజమని లోకం చాలాకాలం నమ్మింది. అక్షరం అనగానే కంటికి కనబడే ఒక ఆకారమే మనకు స్ఫురిస్తుంది. ఆ ఆకారాన్ని చూడలేని విద్యార్థికి అక్షరాన్ని ఎట్లా అందించాలి? పద్దెనిమిదో శతాబ్ది చివరి భాగంలో ఫ్రాన్సు దేశంలో కొందరు సహృదయులు ఈ ప్రశ్నను గట్టిగా పట్టించుకొన్నారు. వారు తమకు తోచిన సాధనాలను తోచిన విధంగా తయారుచేశారు. వారిలో దాదాపు అందరూ చూపున్నవారే. కాని కాలపరీక్షకు నిలిచిన సాధనాన్ని రూపొందించినవాడు చూపులేని పదిహేనేళ్ళ బాలుడు. అతడే లూయీ బ్రెయిల్.

పారిస్ నగరానికి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో కూప్‌వ్రే అనే చిన్న గ్రామం ఉంది. 1809 జనవరి 4న లూయీ ఆ గ్రామంలో జన్మించాడు. తండ్రి సైమన్ రెనే బ్రెయిల్, తల్లి మోనిక్. వారి నలుగురు సంతానంలో లూయీ కడపటివాడు. తండ్రి గుర్రపు జీనులు, కళ్ళేలు, తోలుపట్టీలు తయారుచేసే పనివాడు. ఇంటికి ఆనుకొనే ఆయన కార్మికశాల ఉండేది. మూడేళ్ళ లూయీ ఒకనాడు ఆ శాలలో దూరి, తండ్రిని అనుకరిస్తూ మొనదేలిన పనిముట్టును తోలుమీద గుచ్చబోయాడు. అది తోలుకు రంధ్రాలు చేసే ఆరె అని ఎక్కువమంది వ్రాశారు. చేయి జారి ఆ మొన కంటిలో గ్రుచ్చుకొంది. క్రిములను అరికట్టే ఔషధాలు లేని కాలమది. గాయపడిన కన్ను చెడింది. ఆ దోషం రెండవ కంటికీ ప్రాకింది. అయిదేళ్ళు వచ్చేసరికి బాలుడు పూర్తిగా అంధుడైనాడు.

ఆ రోజులలో పేద కుటుంబాలలో పుట్టిన అంధులకు యాచన తప్ప మరొక దారి ఉండేది కాదు. లూయీ తల్లిదండ్రులు మాత్రం ఆ దారిని అంగీకరించలేదు. తండ్రి అతనికి ఊతకర్ర చెక్కి ఇచ్చాడు. ఇంటి పనులు అప్పగించాడు. చెక్కపలకమీద గుండ్రని తలలున్న మేకులను అక్షరాల ఆకారంలో దిగగొట్టి, వాటిని కుమారుని చేత తడిమించి అక్షరాలు నేర్పాడు. గ్రామంలోని మతగురువు పాలుయీ ఆ బాలుని బుద్ధి చురుకుదనం గమనించి తానే చదువు చెప్పాడు. తరువాత ఊరిబడిలో చేర్పించాడు. అక్కడ లూయీ విన్నదానిని విన్నట్టు ధారణ చేసి తోటివారికంటె ముందుండేవాడు. అయితే ఉపాధ్యాయుడు పుస్తకాలు తెరచి చదువుకొమ్మన్నప్పుడు ఆ బాలుడు చేతులు ముడుచుకొని కూర్చోవలసి వచ్చేది. ధారణ ఎంత గొప్పదైనా చదువుకు అది ఒక అంచు మాత్రమే. విన్నది మరచిపోతే వెనుకకు తిరిగి చూసుకొనే వీలు లేదు. తన ఆలోచనను కాగితంమీద పెట్టే వీలు అసలే లేదు.

మతగురువు, ఊరి జమీందారు కలిసి చేసిన ప్రయత్నం ఫలించి 1819 ఫిబ్రవరిలో, పదేళ్ళ వయసులో, లూయీ పారిస్‌లోని రాజకీయ అంధబాలుర విద్యాలయంలో ప్రవేశించాడు. ఇక్కడ రాజకీయమంటే రాజు పోషణలో ఉన్నదని అర్థం. ఆ విద్యాలయానికి మూలపురుషుడు వలాంటిన్ హావీ. ఆయన 1771లో పారిస్ సంతలో ఒక దృశ్యం చూశాడు. కొందరు అంధులకు వింత వేషాలు వేసి, గుడ్డికళ్ళకు కళ్ళద్దాలు తగిలించి, వాద్యాలు వాయింపజేస్తూ జనం నవ్వుతున్నారు. ఆ అవమానాన్ని చూసి హావీ మనసు కలతచెందింది. అంధులకు చదువు చెప్పాలన్న సంకల్పం ఆయనలో అప్పుడే అంకురించింది. 1784లో ఒక అంధ యువకుని తొలి శిష్యునిగా స్వీకరించి, మరుసటి ఏడు పాఠశాలను నెలకొల్పాడు. అంధులకోసం ప్రత్యేకంగా ఏర్పడిన పాఠశాలలలో ప్రపంచంలో అదే మొదటిది.

హావీ ఎంచుకొన్న సాధనం ఉబ్బెత్తు అక్షరం. తడిపిన మందపు కాగితాన్ని పెద్దపెద్ద అచ్చు అక్షరాలమీద ఒత్తితే వెనుకవైపు ఆ అక్షరాలు పొంగి కనబడతాయి. వాటిని వ్రేలితో తడిమి గుర్తుపట్టాలి. చూపున్నవారికి ఈ పద్ధతి ఎంతో సహజంగా తోచింది. అందరూ చదివే అక్షరాలనే అంధులూ చదువుతున్నారు కదా అని సంతోషించారు. చదివే బాలుని కష్టం వేరు. ఒక్కొక్క అక్షరం అంచును వ్రేలితో చుట్టివచ్చి, దానిని గుర్తించి, తరువాతి అక్షరానికి పోవాలి. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు జ్ఞాపకముండేది కాదు. పుస్తకాలు మోయరాని బరువు. వాటి తయారీకి వ్యయం ఎక్కువ. అందువల్ల విద్యాలయంలో ఉన్న గ్రంథాలు బహు స్వల్పం. అన్నింటికంటె పెద్ద లోటు మరొకటి. ఆ పద్ధతిలో విద్యార్థి చదవగలడే కాని వ్రాయలేడు. అచ్చుయంత్రం దగ్గర లేనిదే ఒక్క మాటైనా కాగితం మీదికి రాదు.

హావీ చేసిన మేలు అపారం. ఆయన లేకపోతే ఆ పాఠశాలే లేదు. కాని ఆయన సాధనం కంటి అనుభవంనుండి పుట్టింది. కంటికి తేలికగా పట్టుబడే వంపులూ తోకలూ వ్రేలికి చిక్కుముడులవుతాయి. వ్రేలు రేఖను వెదకి పట్టుకోవాలి. బిందువైతే దానికదే తగులుతుంది. ఈ భేదం తెలియాలంటే వ్రేలితో చదివే అవసరం కలిగి ఉండాలి.

1821లో విద్యాలయానికి పిన్యే అనే ఉదారుడు సంచాలకుడైనాడు. ఆ కాలంలోనే షార్ల్ బార్బియే అనే మాజీ ఫిరంగిదళ అధికారి తాను కల్పించిన బిందులిపిని అక్కడికి తెచ్చాడు. సైనికులు చీకటిలో దీపం లేకుండా ఉత్తరువులు చదువుకొనుటకై ఆయన దీనిని కనిపెట్టాడని లోకంలో ప్రసిద్ధి. అసలు ఆయనకు శీఘ్రలిపులు, రహస్యలిపులు, బడి చదువుకు నోచుకోనివారికి పనికివచ్చే సులభలిపులు మొదలైన వాటన్నిటిపై ఆసక్తి ఉండేది. ఆయన పద్ధతిలో ఫ్రెంచి భాషలోని 36 ధ్వనులను ఆరు వరుసలుగా, వరుసకు ఆరేసి చొప్పున అమర్చారు. ప్రతి ధ్వనికి రెండు నిలువు చుక్కల శ్రేణులు. ఎడమ శ్రేణిలోని చుక్కలు వరుస సంఖ్యను, కుడి శ్రేణిలోని చుక్కలు ఆ వరుసలో స్థానాన్ని తెలుపుతాయి. ఒక ధ్వనికి పన్నెండు చుక్కల వరకు రావచ్చు. గాళ్ళున్న పలకమీద కాగితం పరచి మొనగల సాధనంతో గ్రుచ్చితే చాలు. అంధబాలుడు మొదటిసారిగా తన చేతితో తాను వ్రాసి, తాను వ్రాసినది తానే చదువుకొనగలిగాడు.

విద్యార్థులు ఆ చుక్కలను ఆనందంతో అందుకొన్నారు. లూయీకి అప్పటికి పన్నెండేళ్ళు. వాడుకలోకి వచ్చినకొద్దీ అతనికి లోపాలు తెలియవచ్చాయి. ఒక్కొక్క గుర్తు వ్రేలికొనకంటె పొడవైనది కావటంచేత వ్రేలిని క్రిందికీ మీదికీ జరపవలసి వచ్చేది. ఇక ఆ లిపి ధ్వనిని మాత్రమే చెబుతుంది. తెలుగువారికి ఈ లోపం వెంటనే బోధపడకపోవచ్చు. మనం పలికినదానినే దాదాపు వ్రాస్తాము కనుక ధ్వనిలిపి మనకు లోటుగా తోచదు. ఫ్రెంచి భాషలో అట్లా కాదు. పలుకబడని అక్షరాలు మాటలో ఎన్నో ఉంటాయి. ఒకే విధంగా వినబడే మాటలు వేర్వేరుగా వ్రాయబడతాయి. ధ్వనిని మాత్రమే నేర్చిన విద్యార్థికి వర్ణక్రమం రాదు, వ్యాకరణం పట్టుబడదు. విరామచిహ్నాలు, అంకెలు, సంగీత సంకేతాలు ఆ లిపిలో లేవు. బార్బియే ఉద్దేశించిన ప్రయోజనానికి ఆయన లిపి చాలు. త్వరగా, తేలికగా నాలుగు మాటలు వ్రాసుకోవటం ఆయన లక్ష్యం. లూయీ కోరినది అది కాదు. ఇతర బాలురు చదివే చదువంతా తానూ చదవాలని అతని కోరిక. ఒక సాధనం మంచిదా కాదా అన్నది దానితో ఏమి సాధించదలచామన్న దానినిబట్టి ఉంటుందని ఈ ఇద్దరి కథ తెలుపుతుంది.

పగలు పాఠాలు, పనులు. రాత్రి తోటివారు నిద్రించిన తరువాత లూయీ కాగితం, మొనగల పుల్ల పట్టుకొని చుక్కలు గ్రుచ్చుతూ కూర్చొనేవాడు. సెలవులలో కూప్‌వ్రేకు వెళ్ళినప్పుడూ అదే పని. కంటి వెలుగును హరించిన ఆ పనిముట్టును పోలిన మొనయే ఇప్పుడు అతని చేతిలో లేఖిని అయింది. 1824 నాటికి, పదిహేనేళ్ళ వయసులో, అతడు తన లిపికి ఒక రూపం తెచ్చాడు.

ఆ రూపంలోని నేర్పు గమనించదగినది. పన్నెండు చుక్కలను ఆరుకు తగ్గించాడు. మూడు అడ్డువరుసలు, వరుసకు రెండు చుక్కలు. మొత్తం గడి ఒక్క వ్రేలికొన క్రింద ఇమిడిపోతుంది. వ్రేలు క్రిందుమీదులు కాకుండా ఎడమనుండి కుడికి సాగిపోవచ్చు. ఆరు చుక్కలలో కొన్నింటిని ఉబ్బించి, కొన్నింటిని విడిచిపెడితే 63 ఆకృతులు వస్తాయి. వాటిని కూడా అతడు ఇష్టం వచ్చినట్లు పంచలేదు. మొదటి పది అక్షరాలకు పైనున్న నాలుగు చుక్కలే వాడాడు. వాటికి అడుగు వరుసలోని ఎడమ చుక్కను చేర్చితే తరువాతి పది అక్షరాలు. అడుగు వరుసలోని రెండు చుక్కలనూ చేర్చితే మిగిలినవి. పది నేర్చినవాడు తక్కినవాటిని ఊహించుకొనగలడు. ధ్వనికి బదులు అక్షరానికి గుర్తు నిచ్చాడు కనుక వర్ణక్రమం కుదిరింది. మొదటి పది అక్షరాల ముందు ఒక సంఖ్యాసూచిక నుంచితే అవే అంకెలైనాయి. అవే ఆరు చుక్కలలో సంగీత స్వరాలనూ ఇమిడ్చాడు.

ఈ మార్పులు ఏకాంతంలో పూర్తికాలేదు. తోటి విద్యార్థులు వాడారు. తడబడినచోట చెప్పారు. లూయీ సవరించాడు. 1829లో తన పద్ధతిని వివరిస్తూ చిన్న గ్రంథం వెలువరించాడు. దానిని ముద్రించినది హావీ ఉబ్బెత్తు అక్షరాలలోనే. తన లిపికి బార్బియే లిపియే ఆధారమని ఆ గ్రంథంలో కృతజ్ఞతతో పేర్కొన్నాడు. అందులో చుక్కలతోపాటు చిన్న గీతలు కూడా ఉండేవి. గీతలు వ్రేలికి స్పష్టంగా తగలటం లేదని, వ్రాయటం కష్టమని వాడుకలో తేలినందున 1837 నాటి కూర్పులో వాటిని తొలగించాడు. అదే ఏట విద్యాలయం ఫ్రాన్సు దేశచరిత్రను మూడు సంపుటాలుగా ఆ లిపిలో ముద్రించింది.

లూయీ చదివిన విద్యాలయంలోనే బోధకుడైనాడు. 1833లో పూర్తి స్థాయి ఉపాధ్యాయ పదవి లభించింది. వ్యాకరణం, చరిత్ర, భూగోళం, గణితం, సంగీతం బోధించేవాడు. గణితం ఆరంభించే బాలురకోసం చిన్న పుస్తకం వ్రాశాడు. ఆర్గన్ వాద్యంలో నిపుణుడై పారిస్ చర్చీలలో వాయించేవాడు. జీతం స్వల్పమైనా పేద విద్యార్థులకు అప్పు రూపంలో సాయపడేవాడు. ఆ ఋణపత్రాలున్న పెట్టెను తన మరణానంతరం దగ్ధం చేయమని చెప్పాడట.

అతని మరొక కల్పనను పాఠ్యపుస్తకాలు సాధారణంగా మరచిపోతాయి. బిందులిపి వల్ల అంధులు పరస్పరం వ్రాసుకొనగలిగారు. ఇంటనున్న తల్లికి ఉత్తరం వ్రాయాలంటే? ఆమెకు ఆ చుక్కలు తెలియవు. అందుకని 1839లో లూయీ చుక్కల కూర్పుతో మామూలు అక్షరాల ఆకారాలనే కాగితంపై గ్రుచ్చే పద్ధతిని ప్రకటించాడు. దీనిని చూపున్నవారు కంటితో చదువుకొనగలరు. ఒక్కొక్క అక్షరానికి అనేక చుక్కలు గ్రుచ్చవలసి రావటంచేత అది ఆలస్యమయ్యే పని. ఫూకో అనే మరొక అంధ మేధావి ఆ పనిని వేగపరచే యంత్రాన్ని నిర్మించాడు. చదువుకొనుటకు ఒక సాధనం, లోకంతో మాట్లాడుటకు వేరొక సాధనం. రెండూ ఒకరి చేతనే రూపొందాయి. ఒకదాని కొరకు మరొకదానిని లూయీ విడువలేదు.

ఇంత జరిగినా విద్యాలయం ఆ లిపిని మనస్ఫూర్తిగా స్వీకరించలేదు. 1840లో పిన్యేను పదవినుండి తొలగించారు. డ్యుఫో అనే ఆయన సంచాలకుడైనాడు. ఆయన దుర్మార్గుడు కాడు. అంధులకు ప్రత్యేక లిపి ఉంటే వారు సమాజంనుండి వేరుపడిపోతారని ఆయన భయం. చూపున్న ఉపాధ్యాయులు ఆ లిపిని చదువలేరన్నది మరొక ఇబ్బంది. బ్రిటన్‌లో ప్రచారంలో ఉన్న ఉబ్బెత్తు అక్షరాలను తెప్పించి, చుక్కలను పాఠశాలలో నిషేధించాడు. పాత పుస్తకాలను దగ్ధం చేయించాడని జీవితచరిత్రకారులు వ్రాశారు. విద్యార్థులు ఆ ఆజ్ఞను లెక్కచేయలేదు. రహస్యంగా చుక్కలలోనే వ్రాసుకొన్నారు. పెద్దలు చిన్నలకు నేర్పారు. చిరుతిళ్ళు, ఆటలు దాచుకొనే వయసులో ఆ బాలురు అక్షరాలు దాచుకొన్నారు.

డ్యుఫో సహాయకుడు గ్వాదే ఈ సంగతిని శ్రద్ధగా గమనించాడు. ఏ లిపిలో పిల్లలు వేగంగా చదువుతున్నారో, ఏ లిపిలో వ్రాస్తున్నారో చూసి సంచాలకుని మనసు మార్చాడు. 1844 ఫిబ్రవరి 22న విద్యాలయపు క్రొత్త భవన ప్రారంభోత్సవంలో లూయీ లిపి గొప్పతనాన్ని బహిరంగంగా ప్రకటించారు. నిండు సభలో విద్యార్థులు ఆ లిపిలో వ్రాసి, చదివి చూపారు. అప్పటినుండి ఆ లిపికి పాఠశాలలో అడ్డు లేదు.

అప్పటికే లూయీని క్షయ పీడిస్తున్నది. పాత విద్యాలయ భవనంలోని చెమ్మ అతని ఊపిరితిత్తులను చెరచిందని చెబుతారు. మధ్యమధ్య కోలుకొంటూ, పాఠాలు చెబుతూ, 1852 జనవరి 6న, 43వ జన్మదినం గడచిన రెండవనాడు మరణించాడు. కూప్‌వ్రేలో ఖననం చేశారు. పారిస్ పత్రికలు ఆ మరణాన్ని పట్టించుకోలేదు. రెండేళ్ళకు, 1854లో, ఫ్రాన్సు ఆ లిపిని అధికారికంగా ఆమోదించింది. నూరేళ్ళకు, 1952లో, అతని అవశేషాలను దేశ మహాపురుషులు విశ్రమించే పారిస్‌లోని పాంథియన్‌కు తరలించారు. చేతులను మాత్రం జన్మగ్రామంలోనే ఉంచారు.

లిపి లోకమంతటా ప్రాకిన తీరు కూడా సాఫీగా లేదు. 1878లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సభ బ్రెయిల్ లిపిని సమర్థించింది. అమెరికాలో మాత్రం మూడు నాలుగు బిందులిపులు, ఉబ్బెత్తు లిపులు ఒకదానితో ఒకటి పోటీపడ్డాయి. ఒక పాఠశాలలో ఒకటి, పక్క రాష్ట్రంలో మరొకటి. ఒక ఊరి పుస్తకం మరొక ఊరి విద్యార్థికి పనికిరాదు. హెలెన్ కెల్లర్ వంటి విదుషీమణి సైతం పలు లిపులు నేర్వవలసి వచ్చింది. ఆంగ్లానికి ఒకే బ్రెయిల్ పద్ధతి కుదిరేసరికి 1932 వచ్చింది. ఈ తగవులలో గొంతు పెద్దదిగా వినిపించినవారు పాఠశాలల నిర్వాహకులు. చదువుకొనేవారి కష్టం చాలాకాలం లెక్కలోకి రాలేదు.

అయితే ఒకే సాధనం అందరికీ సరిపోతుందని కూడా అనుకోరాదు. ఇంగ్లండులో విలియం మూన్ అనే ఆయన 21వ ఏట పూర్తిగా చూపు కోల్పోయాడు. 1845లో ఆయన వేరొక లిపిని కల్పించాడు. మామూలు అక్షరాలను సరళమైన గీతలుగా, వంపులుగా మార్చిన లిపి అది. వయసు మళ్ళిన తరువాత చూపు పోయినవారికి, వ్రేళ్ళ స్పర్శ మొద్దుబారిన శ్రామికులకు చిన్న చుక్కలు పట్టుబడవు. వారికి మూన్ లిపి ఊరట నిచ్చింది. పసితనంలోనే చూపు పోయిన బాలునికి ఏది తగినదో, అరవయ్యేళ్ళకు చూపు పోయిన వృద్ధునికి అదే తగినది కానక్కరలేదు.

మన దేశంలోనూ తొలిరోజులలో ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క బ్రెయిల్ పద్ధతి ఉండేది. స్వాతంత్ర్యానంతరం యునెస్కో చొరవతో 1951లో భారతీ బ్రెయిల్ రూపొందింది. భారతీయ భాషలన్నిటికీ వర్ణమాలను సమన్వయపరచిన పద్ధతి ఇది. తెలుగు కూడా ఇందులో చేరింది. లూయీ తన మొదటి అక్షరానికి కేటాయించిన ఒక్క చుక్కయే తెలుగులో అకారం. మనం అక్షరం మీద దీర్ఘమో గుడియో పెడితే బ్రెయిల్‌లో హల్లు తరువాత అచ్చు గుర్తు వస్తుంది. కి అని వ్రాయాలంటే కకారం గడి, దాని ప్రక్కన ఇకారం గడి. మన గుణింతం క్రిందుమీదులుగా పేరిస్తే, అక్కడ అది వరుసగా సాగుతుంది. లూయీ ద్విశత జయంతి సందర్భంగా 2009లో భారత ప్రభుత్వం అతని ముఖచిత్రంతో 2 రూపాయల నాణెం విడుదల చేసింది.

నేటి విద్యార్థి ఎదుట సాధనాలకు కొదవ లేదు. చుక్కలు పైకి లేచి దిగే బ్రెయిల్ తెరలు, తెరమీది అక్షరాలను బిగ్గరగా చదివే కంప్యూటర్ కార్యక్రమాలు, ముద్రిత పుటను ఫొటో తీసి వినిపించే ఫోన్లు, కొద్దిపాటి చూపున్నవారికి అక్షరాన్ని పెద్దదిగా చేసే పరికరాలు ఉన్నాయి. ఎన్‌వీడీఏ అనే తెరపఠన కార్యక్రమాన్ని 2006లో ప్రారంభించిన మైకేల్ కరన్ ఆస్ట్రేలియాకు చెందిన అంధ యువకుడు. ఖరీదు పెట్టలేనివారికి అందాలని దానిని ఉచితంగా ఇచ్చాడు. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, నిర్దేశించిన స్థాయిలో వైకల్యమున్న విద్యార్థులకు 18 ఏళ్ళు నిండేవరకు పుస్తకాలను, తగిన సహాయక పరికరాలను ఉచితంగా సమకూర్చాలని చెబుతున్నది.

చట్టం చెప్పిన ఆ తగిన అన్న మాటలోనే చిక్కంతా ఉంది. ఏది తగినదో నిర్ణయించేటప్పుడు పరికరం ధరను, కొత్తదనాన్ని చూడటం తేలిక. పారిస్ బాలురు చూసినవి వేరు. ఈ సాధనంతో నేను వేగంగా చదువగలనా, స్వయంగా వ్రాయగలనా, వ్రాసినదానిని వెనుకకు వెళ్ళి సరిచూసుకొనగలనా, వర్ణక్రమం తెలుస్తుందా, లెక్కలు చేయగలనా, చూపున్నవారితో ఉత్తరప్రత్యుత్తరాలు నడపగలనా అన్నవే వారి పరీక్షలు. నవల చదువుకొనుటకు వినికిడి చాలు. బీజగణిత సమీకరణాన్ని చెవితో పట్టుకోవటం కష్టం, వ్రేలికి అది నిలకడగా దొరుకుతుంది. సగం చూపున్న విద్యార్థికి పెద్ద అక్షరాలే మేలు కావచ్చు. అదే విద్యార్థికి సాయంకాలం కళ్ళు అలసిన తరువాత వినికిడి సాధనం కావలసి రావచ్చు. కొన్ని వారాలు వాడనిచ్చి, ఏది విడువక వాడుతున్నాడో, ఏది మూలన పెట్టాడో గమనించి, ఆ తరువాతనే కొనటం అనుభవజ్ఞులైన ఉపాధ్యాయుల పద్ధతి. గ్వాదే 1840 ప్రాంతంలో చేసినది ఇంచుమించు ఇదే.

ఇన్ని యంత్రాలు వచ్చినా గాళ్ళున్న చిన్న పలక, మొనగల స్టైలస్ ఇంకా అంధ విద్యార్థుల సంచులలో కనబడుతూనే ఉన్నాయి. విద్యుత్తు అక్కరలేదు, చేతిలో ఇమిడిపోతాయి, వెల తక్కువ. కాగితాన్ని వాటిలో బిగించి కుడినుండి ఎడమకు చుక్కలు గ్రుచ్చుతారు. త్రిప్పి చూస్తే అవి ఎడమనుండి కుడికి అక్షరాలై వ్రేలికి అందుతాయి.